ఊరి అంచున ఇల్లు, ఊరి నడుమ ఒక రాత్రి

అన్నోజిగూడలో ఈఎంఐ కడుతున్న ఫ్లాటు ఉండగా, అదే హైదరాబాద్‌లో మరోచోట డబ్బులిచ్చి ఒక రాత్రి పడుకుని రావడమేమిటని ఇంట్లో పెద్దవాళ్లు అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. ఉన్న ఊళ్లోనే హోటల్లో దిగి శని, ఆదివారాలు గడిపి రావడాన్ని ఇప్పుడు స్టేకేషన్ అంటున్నారు. 2020 లాక్‌డౌన్ తర్వాత కొంతకాలం మనకు దూర ప్రయాణాలు కుదరలేదు, హోటళ్లకు బయటి ఊళ్ల అతిథులు రాలేదు. రెండు అవసరాలూ కలిసి ఈ అలవాటు మన నగరాల్లో పాతుకుపోయింది. ప్రకటనల్లో మాత్రం అంతా స్విమ్మింగ్ పూల్, బఫే, మెత్తటి పరుపుల చుట్టూనే తిరుగుతుంది. వాటిని చూసి గది ఎంచుకుంటే డబ్బు ఖర్చవుతుంది గానీ సెలవు తీసుకున్నట్టు ఉండదు.

నగరం అంచున కాపురముండే వాళ్లకు నగరంలో రెండు వేళలు దక్కవు. ఒకటి చీకటి పడ్డాక వచ్చే వేళ, రెండోది తెల్లవారుజాము. ఒక రాత్రి బస ఆ రెండింటినీ చేతికిస్తుంది. దాంతోపాటు ఇంటి పని మోసే మనిషికి ఒక రోజైనా ఆ పని తప్పిస్తుంది. ఈ రెండు లాభాలూ అందితే పెట్టిన డబ్బుకు న్యాయం జరిగినట్టే. అందకపోతే ఎంత ఖరీదైన గదైనా దండగే. గది ఎక్కడ, ఎప్పుడు, ఎంతకు తీసుకోవాలన్న లెక్కలన్నీ ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి.

దూరం తీసుకుపోయే వేళలు

అన్నోజిగూడ వరంగల్ హైవే మీద, పోచారం ఇన్ఫోసిస్ క్యాంపస్‌కు దగ్గరగా, ఘట్‌కేసర్‌కు కాస్త ఇవతల ఉంటుంది. ఇక్కడి నుంచి ఉప్పల్ చౌరస్తా పదమూడు, పద్నాలుగు కిలోమీటర్లు. చార్మినార్ పాతిక దాకా ఉంటుంది. కిలోమీటర్లు చూస్తే పెద్ద దూరమేమీ కాదు. కానీ జోడిమెట్ల, నారపల్లి, మేడిపల్లి, పీర్జాదిగూడ, బోడుప్పల్ అన్నీ దాటాలి. నారపల్లి నుంచి ఉప్పల్ దాకా ఆరు కిలోమీటర్లకు పైగా సాగే ఎలివేటెడ్ కారిడార్ పనులు 2018లో మొదలై ఏళ్ల తరబడి నడవడంతో ఆ కాస్త దారే ఒక ప్రయాణమైపోయింది.

ఉప్పల్ చేరితే మాత్రం కథ మారుతుంది. 2017 నవంబర్‌లో నాగోల్–అమీర్‌పేట మెట్రో నడవడం మొదలయ్యాక ఉప్పల్ ఈ వైపు జనానికి నగర ద్వారమైంది. 2024 మార్చిలో ఎంఎంటీఎస్ లోకల్ రైలు ఘట్‌కేసర్ దాకా వచ్చింది. 2025 జనవరిలో చర్లపల్లి రైల్వే టెర్మినల్ తెరిచారు. పగటిపూట లోపలికి వెళ్లడానికి ఇప్పుడు దారులున్నాయి. తిప్పలన్నీ రాత్రి తిరిగి రావడంలోనే.

నాంపల్లి నుమాయిష్‌నే తీసుకోండి. 1938లో మొదలైన ఈ ప్రదర్శన మామూలుగా ఏటా జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా నడుస్తుంది. దాని అందమంతా రాత్రి ఎనిమిది దాటాకే. దీపాలు, జెయింట్ వీల్, కశ్మీరీ శాలువాల దుకాణాల ముందు బేరాలు అప్పుడు జోరందుకుంటాయి. సరిగ్గా ఆ వేళకే అన్నోజిగూడ వాళ్లు గడియారం చూసుకోవడం మొదలుపెడతారు. మెట్రో అందుకోవాలి, ఉప్పల్‌లో దిగాక బస్సో ఆటోనో దొరకాలి, పిల్లలు భుజం మీద నిద్రపోతారు. అదే నాంపల్లిలోనో ఆబిడ్స్‌లోనో గది ఉంటే, మైదానం మూసేదాకా తిరిగి నడుచుకుంటూ వెళ్లి పడుకోవచ్చు. గచ్చిబౌలిలో నాటకమైనా, రవీంద్రభారతిలో కచేరీ అయినా ఇదే సంగతి. సగంలో లేచి రావాల్సిన అవసరం లేకపోవడమే ఈ బసలో మొదటి లాభం.

హోటళ్లన్నీ పడమటి వైపే ఎందుకున్నాయి

ఉప్పల్, నాచారం వైపు పెద్ద హోటళ్లు తక్కువ. కారణం ఈ ప్రాంతం పెరిగిన తీరులోనే ఉంది. నాచారం, మల్లాపూర్, చర్లపల్లి పారిశ్రామికవాడలుగా పెరిగాయి. హబ్సిగూడ–ఉప్పల్ దారి సీసీఎంబీ, ఎన్‌జీఆర్‌ఐ లాంటి పరిశోధన సంస్థలకు నెలవైంది. కార్ఖానాకూ ప్రయోగశాలకూ వచ్చేవాళ్లలో రాత్రికి ఖరీదైన గది కోరేవాళ్లు కొద్దిమందే. పడమటి వైపు 2006లో నోవోటెల్‌తో కలిసి హెచ్‌ఐసీసీ సదస్సుల కేంద్రం వచ్చింది. సదస్సులు, ఐటీ కంపెనీల అతిథులు, వాళ్లతో పాటే హోటళ్లూ వరసకట్టాయి. గది అద్దె కట్టేది కంపెనీ అయినచోటే హోటల్ పుడుతుంది.

మన స్టేకేషన్‌కు పనికొచ్చే సూత్రం కూడా ఇందులోంచే వస్తుంది. ఆఫీసు పని మీద వచ్చేవాళ్లు సోమవారం దిగి, గురువారమో శుక్రవారమో వెళ్లిపోతారు. ఆ తర్వాత గదులు ఖాళీ. ఈ రాత్రి అమ్ముడుపోని గదిని రేపటికి దాచుకోవడం కుదరదు, సాయంత్రానికి వాడిపోయే మల్లెల బుట్ట లాంటిది ఆ సరుకు. అందుకే హైటెక్ సిటీ, గచ్చిబౌలి వైపు వ్యాపార హోటళ్లు వారాంతంలో ధర తగ్గించి, టిఫిన్ కలిపి ఇస్తుంటాయి. సోమవారం సెలవు దొరికేవాళ్లకు ఆదివారం రాత్రి ఇంకా చవకగా పడొచ్చు. శామీర్‌పేట వైపు రిసార్టులు, ఘట్‌కేసర్–కీసర వైపు ఫామ్‌హౌసులది తలకిందుల లెక్క. వాటి బేరమంతా శని, ఆదివారాల్లోనే కాబట్టి ధర అప్పుడే పెరుగుతుంది.

దీనికి మన పంచాంగం కూడా కలపాలి. హోటళ్ల రాబడిలో పెళ్లిళ్లు, రిసెప్షన్లది పెద్ద వాటా. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, శ్రావణాల్లో మంచి ముహూర్తం పడిన రోజున బంధువుల కోసం గదులు గుత్తగా పోతాయి. లాబీలో సందడి, లిఫ్టు దగ్గర వరస, రాత్రి పన్నెండు దాకా డీజే. అదే ఆషాఢంలో, పుష్యంలో ముహూర్తాలుండవు. హాళ్లు ఖాళీ, గదుల ధరలో బేరానికి చోటుంటుంది, నిద్రకు భంగముండదు. తేదీ ఖాయం చేసేముందు యాప్‌తో పాటు గోడ మీది క్యాలెండర్ కూడా చూడటం మంచిది. ఉప్పల్ స్టేడియంలో ఐపీఎల్ మ్యాచ్ ఉన్న రోజు ఆ చుట్టుపక్కల గది వెతకడం మానుకోవాలి.

బిల్లు చదవడం

గది ధర దగ్గర చాలామంది పోగొట్టుకునే డబ్బు పన్నులోనే ఉంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి రోజుకు 7,500 రూపాయల లోపు గదికి 5 శాతం జీఎస్టీ, ఆపైన ధర ఉంటే 18 శాతం. పెరిగిన భాగానికే కాదు, మొత్తం ధరకూ 18 శాతం పడుతుంది. ఈ తేడాను దగ్గరగా చూద్దాం.

ఒక గది 7,400 రూపాయలు అనుకోండి. 5 శాతం పన్ను 370. కట్టాల్సింది 7,770. పక్క గది 7,600. ధరలో తేడా రెండు వందలే. కానీ దానికి 18 శాతం పన్ను 1,368, మొత్తం 8,968. రెండు వందలు ఎక్కువనుకున్న గదికి దాదాపు పన్నెండు వందలు ఎక్కువ కట్టాల్సి వస్తుంది. ఆ పన్నెండు వందలతో కుటుంబమంతా బయట కడుపునిండా భోంచేయొచ్చు. అందుకే యాప్‌లో పెద్ద అక్షరాల్లో కనిపించే ధర చూసి తృప్తిపడకుండా, చివరి పేజీలో పన్ను కలిసిన మొత్తాన్నే పోల్చుకోవాలి.

హోటల్లోపలి భోజనానికీ ఇలాంటి గీత ఒకటి ఉంది. కిందటి ఆర్థిక సంవత్సరంలో ఆ హోటల్ ఒక్క గదినైనా 7,500 దాటి అమ్మి ఉంటే, లోపలి రెస్టారెంట్ బిల్లు మీద 18 శాతం పన్ను పడుతుంది. లేకపోతే 5 శాతమే. రెండు వేల రూపాయల భోజనానికి ఒకచోట వంద, మరోచోట 360. మనం తీసుకున్న గది చవకదైనా, హోటల్ పెద్దదైతే ఇడ్లీ మీదా పెద్ద పన్నే. కాబట్టి టిఫిన్ కలిపిన ప్యాకేజీ తీసుకోవడం, రాత్రి భోజనం బయట చేయడం తెలివైన పద్ధతి. అసలు ఊరు తిరగడానికే వచ్చాం కాబట్టి అదే సరదా కూడా.

బిల్లు కింద సర్వీస్ ఛార్జి అని ఇంకో వరస ఉండొచ్చు. అది పన్ను కాదు, తప్పనిసరీ కాదు. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలో దీన్ని బిల్లులో తనంతట తానే కలపకూడదని మార్గదర్శకాలిచ్చింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. తీసేయమని మర్యాదగా అడిగే హక్కు మనకుంది. వినకపోతే 1915 నంబరుకు ఫిర్యాదు చేయొచ్చు. సేవ చేసిన కుర్రాడికి ఏదైనా ఇవ్వాలనిపిస్తే నేరుగా చేతికివ్వండి, అది అతనికే చేరుతుంది.

ఇంకో చిక్కు స్టేకేషన్‌కే ప్రత్యేకం. కొన్ని హోటళ్లు అదే ఊరి చిరునామా ఉన్న ఆధార్‌తో వస్తే గది ఇవ్వవు. ‘లోకల్ ఐడీ’ చెల్లదని షరతు పెట్టుకుంటాయి. ఇది చట్టం కాదు, హోటల్ సొంత నియమం. డబ్బు కట్టి, పిల్లలతో కౌంటర్ దగ్గరికి వెళ్లాక ఈ మాట వినాల్సి రావడం కన్నా అవమానం లేదు. బుకింగ్ పేజీలో నియమాలు చదవాలి, పైగా హోటల్‌కే ఫోన్ చేసి ‘మేం హైదరాబాద్ వాళ్లమే, ఇబ్బంది లేదు కదా’ అని అడగాలి. ఐడీ నకలు ఇవ్వాల్సొస్తే చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వడం మేలు.

చెకిన్ మధ్యాహ్నం రెండుకో మూడుకో, చెకౌట్ పదకొండుకో పన్నెండుకో ఉంటుంది. రోజు అద్దె అన్నా చేతికొచ్చేది ఇరవై, ఇరవై రెండు గంటలే. మధ్యలో మిగిలిన ఆ రెండు నుంచి నాలుగు గంటల్లో హౌస్‌కీపింగ్ వాళ్లు అంతస్తులో గదులన్నీ దులిపి, దుప్పట్లు మార్చి, బాత్రూమ్ కడిగి సిద్ధం చేయాలి. త్వరగా వచ్చినవాళ్లు సామాను కౌంటర్ దగ్గర పెట్టి ఊరు తిరగొచ్చు. చెకౌట్ తర్వాత కూడా అంతే. ఈ సదుపాయాన్ని వాడుకుంటే ఒక రాత్రి అద్దెకు రెండు నిండు పగళ్లు కలిసొస్తాయి.

ఎక్కడ దిగాలి

బొటిక్ హోటల్ అంటే గదులు తక్కువగా ఉండి, ప్రతి గదికీ ఒక రూపు, కట్టడానికి ఒక కథ ఉండే చోటు. ఈ పద్ధతికి పేరు తెచ్చిన వాటిలో న్యూయార్క్‌లో 1984లో ఇయాన్ ష్రేగర్, స్టీవ్ రూబెల్ తెరిచిన మోర్గన్స్ ఒకటి. ఒకే అచ్చులో పోసినట్టుండే గొలుసు హోటళ్లకు ఎదురుగా అది నిలబడింది. మన దేశంలో ఈ కోరికను ఎక్కువగా తీర్చింది పాత ఇళ్లే. రాజస్థాన్ హవేలీలు, పుదుచ్చేరి ఫ్రెంచి ఇళ్లు, చెట్టినాడు భవంతులు అతిథి గృహాలయ్యాయి. 1950కి ముందు కట్టిన నివాసాలు, కోటలు, మహళ్లకు కేంద్ర పర్యాటక శాఖ హెరిటేజ్ హోటళ్ల వర్గమే పెట్టింది.

హైదరాబాద్‌లో దీనికి శిఖరం ఫలక్‌నుమా. పైగా వంశ ప్రభువు వికార్-ఉల్-ఉమ్రా 1884లో మొదలుపెట్టి తొమ్మిదేళ్లు కట్టించాడు. తర్వాత ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ చేతికొచ్చింది. ఏళ్ల మరమ్మతుల తర్వాత 2010 నవంబర్‌లో తాజ్ హోటల్‌గా తెరుచుకుంది. గదులు 60, భోజనశాలలో 101 మంది కూర్చునే బల్ల. మామూలు జీతగాళ్ల వారాంతానికి అందే చోటు కాదది. దానికీ మామూలు లాడ్జికీ మధ్య ఉండాల్సిన అంతస్తు మన నగరంలో పలచన. దేవిడీలనే నవాబుల భవంతులు ఎన్నో ఉండేవి. చాలామటుకు కూలిపోయాయి, మిగిలినవి పంపకాల్లో, దావాల్లో నలుగుతున్నాయి. ఇరవై గదుల దేవిడీ ఒకటి బాగుచేసి పెడితే, ఆ అద్దెతో కట్టడమూ బతుకుతుంది, మన పిల్లలు ఆ కప్పు కింద ఒక రాత్రి పడుకునీ చూస్తారు. ఇది ప్రభుత్వం, వారసులు కలిసి చేయాల్సిన పని.

ఇప్పుడున్న చోట్లలోనే ఎంచుకోవాలంటే, గది బొమ్మలకన్నా ముందు మ్యాప్ తెరవాలి. హైటెక్ సిటీ వైపు గదులు బాగుంటాయి. అయితే కిందికి దిగితే నడవడానికి ఫ్లైఓవర్లు, మాల్సే. పిల్లలు ఈతే ముఖ్యమంటే అటు వెళ్లండి. బేగంపేట–లక్డీకాపూల్ వైపైతే హుస్సేన్ సాగర్ దగ్గర. సికింద్రాబాద్‌లో దిగితే జనరల్ బజార్, మోండా మార్కెట్, 2022 డిసెంబర్‌లో బాగుచేసి తెరిచిన బన్సీలాల్‌పేట మెట్లబావి చుట్టుపక్కలే. ఆబిడ్స్, కోఠి, నాంపల్లిలో హోటళ్లు పాతవి, నిరాడంబరమైనవి. కానీ గుమ్మం దాటగానే నాలుగు వందల ఏళ్ల ఊరు మొదలవుతుంది. అన్నోజిగూడ నుంచి వచ్చేవాళ్లకు నా సలహా ఈ చివరి వైపే.

చేరడం కూడా తేలిక. బండిని ఉప్పల్ దాకా తీసుకురాకుండా బస్సెక్కి, అక్కడ మెట్రో పట్టుకోవాలి. పరేడ్ గ్రౌండ్ దగ్గర మారి, జేబీఎస్–ఎంజీబీఎస్ లైన్‌లో సుల్తాన్ బజార్ స్టేషన్‌లో దిగితే కోఠి. శనివారం మధ్యాహ్నం సామాను హోటల్లో పెట్టేసి సాలార్‌జంగ్ మ్యూజియం చూడొచ్చు. శుక్రవారమే దానికి సెలవు. చీకటి పడ్డాక మొజంజాహి మార్కెట్‌కు నడవండి. ఏడో నిజాం కొడుకు మొజం జా పేరున 1935లో కట్టిన ఆ రాతి మార్కెట్‌ను 2020 ఆగస్టులో బాగుచేసి తెరిచారు. దీపాల వెలుగులో దాని గడియారపు బురుజు చూస్తూ, ఆవరణలో ఐస్‌క్రీమ్ తింటూ తీరిగ్గా కూర్చోవడం అంచున ఉండేవాళ్లకు అరుదుగా దొరికే సుఖం.

ఆదివారం ఆరు గంటలకే లేచి చార్మినార్ వెళ్లండి. పదింటికి అక్కడ అడుగు పెట్టలేం. ఆరింటికి మాత్రం 1591 నాటి ఆ కట్టడం చుట్టూ పావురాలు, ఊడ్చే మునిసిపాలిటీ మనుషులు, నిమ్రా కేఫ్ దగ్గర ఇరానీ చాయ్‌లో ఉస్మానియా బిస్కెట్ ముంచుకునేవాళ్లు తప్ప ఎవరూ ఉండరు. మీనార్ల మీది సున్నపు నగిషీని తీరిగ్గా, మెడ ఎత్తి చూసే వేళ అది. తిరిగొచ్చి హోటల్లో టిఫిన్ చేసి, చెకౌట్ అయ్యాక ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారం పుస్తకాల సంత చూడొచ్చు. షాపులు మూసి ఉండే ఆ పూట, వాటి ముందు పాత పుస్తకాలు గుట్టలుగా పరుస్తారు. పిల్లలకు తలా కొంత డబ్బిచ్చి వాళ్లకు నచ్చినవి ఏరుకోమంటే, సెలవు ఖర్చులో అన్నిటికన్నా ఎక్కువ కాలం నిలిచేది అదే.

సెలవు ఎవరికి

కేంద్ర గణాంక శాఖ 2024 టైమ్ యూజ్ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటి పని చేసే ఆడవాళ్లు సగటున రోజుకు 289 నిమిషాలు దానికే పెడుతున్నారు. ఆ పని చేసే మగవాళ్లు పెట్టేది 88 నిమిషాలు. ఈ అంకెను ఒక ఇంటి శని, ఆదివారాల్లో పెట్టి చూడండి. శనివారం మధ్యాహ్నమే మినప్పప్పు నానబోయాలి. రాత్రి రుబ్బి గిన్నెకెత్తాలి. ఆదివారం ఇడ్లీ, చట్నీ అయ్యాక వారం బట్టలు ఉతకాలి, యూనిఫాంలు ఇస్త్రీకివ్వాలి. మధ్యాహ్నం కోడికూర వండాక గిన్నెలు మిగులుతాయి. సాయంత్రానికి సోమవారం కూరలు తరిగి ఫ్రిజ్‌లో సర్దాలి. ఇంట్లో మిగతావాళ్లు ఆదివారం అనుకునేది ఆమెకు అన్నిటికన్నా బరువైన పనిదినం.

హోటల్ గదిలో ఆ వరస తెగుతుంది. అయితే దానంతటదే తెగదు. సంచి సర్దడం, పిల్లల మందులు గుర్తుపెట్టుకోవడం, అత్తగారికి రెండు రోజుల కూరలు వండిపెట్టి రావడం ఆమె మీదే పడితే, శనివారం మధ్యాహ్నానికే ఆమె సెలవు అయిపోతుంది. తిరిగొచ్చేసరికి సింకు నిండా గిన్నెలుంటే ఆదివారం రాత్రి రెండింతల పని. కాబట్టి ప్రయాణపు పనుల్ని ముందే పంచుకోవాలి. సర్దడం భర్త, వాళ్ల సంచులు పిల్లలు చూసుకోవాలి. ఆదివారం రాత్రి భోజనం బయటి నుంచి తెచ్చుకోవాలి. పెద్దవాళ్లను వెంట తీసుకెళ్తే లిఫ్టు ఉందో లేదో, బాత్రూమ్‌లో పట్టుకునే కడ్డీ ఉందో లేదో ముందే కనుక్కోవాలి. తేదీ, చోటు, తిండి తేల్చే మాట ఇంట్లో ఎక్కువ పని చేసేవాళ్లదే కావాలి.

ఊరు వద్దు, నిశ్శబ్దమే కావాలని ఆమె అంటే అదీ దగ్గర్లోనే ఉంది. నగరం వైపు కాకుండా హైవే మీద అటు తిరిగితే, భువనగిరి, యాదగిరిగుట్టల్లో రాష్ట్ర పర్యాటక సంస్థ హరిత హోటళ్లున్నాయి. ట్రాఫిక్ ఎదురుకాదు, భువనగిరి కోట ఎక్కొచ్చు, కొలనుపాక జైన మందిరం చూసి రావొచ్చు.

బుక్ చేసేముందు రెండు ప్రశ్నలు వేసుకుంటే చాలు. ఆ రాత్రి తొమ్మిదింటికి గుమ్మం దాటితే నడిచి వెళ్లేందుకు ఏముంది? ఆదివారం పొద్దున మన ఇంట్లో ఎవరికి పని తప్పుతుంది? రెండింటికీ మంచి జవాబు దొరికితే, మూడు నక్షత్రాల చిన్న గదికి పెట్టిన డబ్బు కూడా సార్థకమే. ఒక్కదానికీ జవాబు లేకపోతే ఆ డబ్బు దాచి, ఆషాఢం దాకా ఆగి, అప్పుడు మళ్లీ మ్యాప్ తెరవండి.